డీజిల్ కారుకి టైమింగ్ బెల్టు తెగిందా? ముందు తాళంచెవి మీంచి చెయ్యి తీయండి

రణస్థలం దాటి హైవే మీద ఎనభైలో పోతున్న బండి ఇంజన్ ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఒక్కోసారి బానెట్ కింద 'టప్' మని చిన్న చప్పుడు, ఒక్కోసారి అదీ ఉండదు. ఆర్‌పీఎం ముల్లు క్లచ్ తొక్కగానే సున్నాకి పడిపోతుంది, బ్యాటరీ లైటూ ఆయిల్ లైటూ ఒకేసారి వెలుగుతాయి. బండి దాని ఊపు మీద అది దొర్లుతూ పక్కకొస్తుంది. అలవాటైన చెయ్యి అప్పుడు చేసే మొదటి పని మళ్లీ తాళం తిప్పడం. ఆగాల్సింది అక్కడే. బెల్టు తెగిన క్షణంలో అయిన నష్టాన్ని ఎవరూ ఆపలేరు. స్టార్టర్ కొట్టడం, తోసి స్టార్ట్ చేయడం, బెల్టొక్కటి కొత్తది వేసి 'కొట్టి చూద్దాం' అనడం, ఈ మూడింటి వల్ల అయ్యే నష్టం మాత్రం మనం తెచ్చిపెట్టుకున్నదే.

మీ బండికి అసలు బెల్టు ఉందా

అన్ని డీజిళ్లకీ బెల్టు ఉండదు. స్విఫ్ట్, డిజైర్‌లలో వచ్చిన 1.3 డీడీఐఎస్ ఇంజన్‌కి ఉన్నది చైను. డస్టర్, లోగాన్, వెరిటోల 1.5 డీసీఐ, డీజిల్ ఇండికా, పోలో, వెంటో, ర్యాపిడ్ డీజిళ్లు, ఫిగో టీడీసీఐ, పాత ఇన్నోవా 2.5 బెల్టు ఇంజన్లు. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ట్యాక్సీగానో సొంతానికో సెకండ్ హ్యాండ్‌లో తిరిగే డీజిల్ కార్లలో ఇవి బాగానే ఉంటాయి. మీది ఏదో తెలియకపోతే ఓనర్ మాన్యువల్‌లో సర్వీసు పట్టిక చూడండి. 'టైమింగ్ బెల్టు మార్చాలి' అన్న వరుస ఉంటే బెల్టే.

ఈ బెల్టు పని ఏమిటంటే, పిస్టన్లు తిప్పే ఇరుసు క్రాంక్ రెండు చుట్లు తిరిగితే వాల్వుల్ని తెరిచి మూసే ఇరుసు క్యామ్‌షాఫ్ట్ కచ్చితంగా ఒక చుట్టు తిరిగేలా పట్టి ఉంచడం. చాలా ఇంజన్లలో డీజిల్ పంపునీ వాటర్ పంపునీ కూడా ఇదే తిప్పుతుంది. డీజిల్‌లో కంప్రెషన్ ఎక్కువ కాబట్టి, పిస్టన్ పూర్తిగా పైకొచ్చినప్పుడు దానికీ, వాల్వులుండే పై భాగమైన హెడ్డుకీ మధ్య మిగిలే సందు మిల్లీమీటరు అటూ ఇటూ. బెల్టు తెగితే క్యామ్ ఉన్నచోట ఆగిపోతుంది, ఏదో ఒక వాల్వు తెరుచుకుని కిందికి వేలాడుతూ ఉంటుంది, క్రాంక్ మాత్రం ఊపుతో ఇంకా తిరుగుతుంది. పిస్టన్ వచ్చి వాల్వుని గుద్దుతుంది. పెట్రోలు ఇంజన్లలో కొన్ని ఈ గండం నుంచి బయటపడతాయి కానీ, బెల్టున్న కారు డీజిల్ ఇంజన్ బయటపడడం అరుదు.

రోడ్డు మీద

ముందు బండిని ఆపుకోవాలి. బ్రేకు బూస్టర్‌కి వాక్యూమ్ ఇచ్చే పంపు చాలా డీజిళ్లలో క్యామ్‌షాఫ్ట్ చివరే ఉంటుంది. క్యామ్ ఆగితే అదీ ఆగుతుంది. బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్ రెండు మూడు తొక్కుళ్లకే సరిపోతుంది. కాబట్టి బ్రేకు మాటిమాటికీ వదిలి తొక్కకుండా, ఒకేసారి నిలకడగా తొక్కి పట్టుకోండి. స్టీరింగ్ బరువెక్కుతుంది. తాళం 'ఆన్' లోనే ఉంచండి, తీసేస్తే స్టీరింగ్ లాక్ పడుతుంది. క్లచ్ తొక్కి న్యూట్రల్ చేస్తే చక్రాలు ఇంజన్‌ని తిప్పకుండా ఉంటాయి.

సాలూరు దాటాక ఘాట్‌లో దిగుతున్నప్పుడు ఇది జరిగితే లెక్క వేరు. బ్రేకు సరిగా పట్టకపోతే రెండో గేరో మొదటి గేరో వేసి బండిని ఆపండి, హ్యాండ్ బ్రేకు కొద్దికొద్దిగా లాగండి. వాల్వులు వంగితే వంగుతాయి, హెడ్డు బాగుచేయించుకోవచ్చు.

పక్కకు తీశాక హజార్డ్ లైట్లు వేసి, ట్రయాంగిల్‌ని కనీసం యాభై మీటర్లు వెనక పెట్టండి. జాతీయ రహదారి మీద ఉంటే 1033కి ఫోన్ చేస్తే టోల్ ప్లాజా వైపు నుంచి క్రేను వస్తుంది. శ్రీకాకుళం వైపు మడపాం, విజయనగరం మలుపు దగ్గర నాతవలస టోల్ ప్లాజాల పేరు చెబితే మీరున్న చోటు వాళ్లకి తొందరగా అర్థమవుతుంది.

ఈలోపు ఎవరో ఒకరు ఆగుతారు. "నలుగురం తోస్తాం, సెకండ్ గేర్లో వదలండి బాబూ" అంటారు. మంచి మనసుతోనే అంటారు. వద్దని చెప్పండి. సెకండ్ గేర్లో క్లచ్ వదిలితే చక్రాలు క్రాంక్‌ని బలవంతంగా తిప్పుతాయి, ఒకటి రెండు వంగిన వాల్వులు కాస్తా ఎనిమిదీ అవుతాయి. తాడు కట్టి లాగించినా న్యూట్రల్‌లోనే ఉంచాలి, ఇంజన్ లేని బ్రేకు ఎంత బరువుగా ఉంటుందో స్టీరింగ్ ముందు కూర్చున్నవాళ్లకి ముందే చెప్పాలి. ఫ్లాట్‌బెడ్ దొరికితే అదే మేలు.

తెగింది బెల్టేనా అని తేల్చుకోవడం

పొరపాటున ఒకసారి స్టార్టర్ కొట్టేసి ఉంటే, ఆ చప్పుడు గుర్తుతెచ్చుకోండి. మామూలు ఇంజన్‌లో స్టార్టర్ 'రుక్... రుక్... రుక్' మని కష్టపడుతూ తిరుగుతుంది. ఒక్కో కంప్రెషన్ దగ్గర ఒక్కో ఆపు. బెల్టు తెగితే ఆ ఆపులుండవు. కుట్టు మిషన్ మోటారులా ఒకే స్వరంతో 'గుయ్' మని తేలిగ్గా తిరిగిపోతుంది. ఆ చప్పుడు వినడానికని మళ్లీ మాత్రం కొట్టకండి.

చూసి తేల్చుకునే దారి ఉంది. ఇంజన్‌కి ఒక చివర నిలువుగా ప్లాస్టిక్ కవరు ఉంటుంది. దాని పై భాగం రెండు మూడు క్లిప్పులతోనో చిన్న బోల్టులతోనో ఉంటుంది. తీసి చూస్తే క్యామ్ పుల్లీ కనిపిస్తుంది. బెల్టు లేకపోయినా, వేలితో తోస్తే చప్పగా ఊగినా విషయం తేలిపోయింది. పైన బెల్టు బాగానే కనిపించినా నమ్మేయకండి. కింద క్రాంక్ పుల్లీ దగ్గర ఏడెనిమిది పళ్లు ఊడిపోయి, పైన కొత్తదానిలా మెరుస్తున్న బెల్టులు ఉంటాయి. అనుమానం ఉంటే షెడ్డుకి చేరాక, పెద్ద పానాతో క్రాంక్ బోల్టుని నాలుగైదు డిగ్రీలు మాత్రం మెల్లగా తిప్పుతూ క్యామ్ పుల్లీని చూడండి. క్రాంక్ కదిలి క్యామ్ కదలకపోతే పళ్లు పోయినట్టే. చేతికి ఏదైనా గట్టిగా తగిలితే అక్కడే ఆపేయాలి.

ఇంకో మాట. వాన నీళ్లలోంచి వచ్చినప్పుడు ఆగిపోయిన బండి అయితే అది బెల్టు కాకపోవచ్చు, సిలిండర్లోకి నీళ్లు పోయి ఉండొచ్చు. అప్పుడు స్టార్టర్ అసలు తిరగదు, లేదా 'టక్' మని ఆగిపోతుంది. అప్పుడూ స్టార్టర్ కొట్టకూడదు, దాని వైద్యం మాత్రం వేరు.

తెగిన ముక్కని పారేయకండి

షెడ్డులో కవరు విప్పగానే పాత బెల్టుని చెత్తలో పడేస్తారు. దాన్ని అడిగి తీసుకుని తెల్ల కాగితం మీద పరవండి. ఎందుకు తెగిందో అదే చెబుతుంది. ఆ కారణం వదిలేసి కొత్త బెల్టు వేస్తే అది కూడా అదే దారిలో పోతుంది.

ఒకే చోట వరసగా పళ్లు ఊడిపోయి, మిగతా బెల్టు బాగా ఉంటే ఏదో ఒకటి బిగుసుకుపోయిందని అర్థం. ముందు వాటర్ పంపుని చేత్తో తిప్పి చూడండి, తర్వాత డీజిల్ పంపు, ఆ తర్వాత క్యామ్. కూలెంటు బదులు ఏళ్లతరబడి బోరు నీళ్లు పోసిన బండ్లలో వాటర్ పంపు తుప్పుపట్టి, బేరింగ్ పోయి బిగుసుకుంటుంది. మన వైపు ఇది చాలా మామూలు.

కత్తితో కోసినట్టు అడ్డంగా తెగితే, బిగించే ముందే ఆ బెల్టుని ఎవరో మడిచారన్నమాట. లోపల గాజు నార తీగలుంటాయి. ఒక్కసారి గట్టిగా మడత పడితే అక్కడ అవి విరుగుతాయి, బయటికి ఏమీ కనపడదు.

ఒక అంచు మాత్రమే అరిగి పోగులు లేచి ఉంటే పుల్లీలు ఒకే వరసలో లేవు. బెల్టుని బిగుతుగా ఉంచే టెన్షనర్ బేరింగ్ వాలిపోయి ఉంటుంది, లేదా దాని స్టడ్డు వంగి ఉంటుంది. బెల్టు మెత్తబడి, ఉబ్బి, నల్లగా చేతికి అంటుతుంటే క్రాంక్ ఆయిల్ సీలో క్యామ్ ఆయిల్ సీలో కారుతోంది. వీపు అద్దంలా నున్నగా మెరిస్తే బెల్టుకి దారి చూపే ఐడ్లర్ పుల్లీ తిరగడం మానేసింది. పళ్ల మొదళ్లలో, వీపు మీద సన్నని బీటలు నిండా ఉంటే అది వయసు. నడిచినా నడవకపోయినా రబ్బరుకి వయసు వస్తుంది. హైదరాబాదులోనో చెన్నైలోనో ఉద్యోగం చేస్తూ ఊళ్లో ఇంటి ముందు కారు నిలిపి ఉంచేవాళ్లు కిలోమీటర్లు తక్కువే కదా అనుకుంటారు. బెల్టు లెక్కలో సంవత్సరాలు కూడా ఉంటాయి.

అందరూ మర్చిపోయేది ఇంకోటుంది: బయటి ఆల్టర్నేటర్ బెల్టు. అది చీలి పోగులు పోగులుగా ఊడినప్పుడు, ఆ పోగులు క్రాంక్ పుల్లీ వెనక నుంచి కవరులోకి దూరి టైమింగ్ బెల్టు కింద పడతాయి. బెల్టు ఒక పన్ను ఎగిరి దూకుతుంది, లేదా తెగుతుంది. కింద కవరులో నల్లటి దారాలు చిక్కులుగా కనిపిస్తే దోషి బయటిదే.

హెడ్డు విప్పాలా వద్దా

అసలు ఖర్చు ఇక్కడే తేలుతుంది. తెగింది డీజిల్ బెల్టు కాబట్టి హెడ్డు దించాల్సి వస్తుందనే మనసులో పెట్టుకోండి. కానీ చూడకుండా దించొద్దు, చూడకుండా బెల్టు వేసి స్టార్టర్ కూడా కొట్టొద్దు. రెండింటి మధ్యా ఒక పద్ధతి ఉంది.

బ్యాటరీ నెగటివ్ తీసేయండి. ముందు కుడి చక్రం, లోపలి మడ్‌గార్డ్ ప్లాస్టిక్ తీయండి. చాలా కార్లలో టైమింగ్ వైపు అదే. బండిని జాకీ మీద వదిలేయకుండా స్టాండు మీద ఆనించండి. ఇంజన్ మౌంటింగ్ విప్పాల్సి వస్తే సంపు (అడుగున ఉండే ఆయిలు తొట్టి) కింద వెడల్పాటి చెక్క పెట్టి జాకీతో మోయించండి, చెక్క లేకపోతే సంపు సొట్టపోతుంది. క్రాంక్ పుల్లీ బోల్టు విప్పడానికి ఫ్లైవీల్‌ని లాక్ చేయాలి. క్రాంక్‌నీ క్యామ్‌నీ గుర్తు దగ్గర కదలకుండా పట్టే టైమింగ్ పిన్నుని అడ్డం పెట్టి విప్పడం, స్టార్టర్ ఒక్కసారి తట్టి బోల్టు వదులు చేయడం, రెండూ షెడ్లలో చూస్తుంటాం. మొదటిదానికి పిన్ను వంగుతుంది. రెండోదానికి మిగిలిన వాల్వులు కూడా వంగుతాయి.

ఇప్పుడు గ్లో ప్లగ్గులు (స్టార్టింగ్‌కి సిలిండర్‌ని వేడి చేసేవి) తీసేయండి, కంప్రెషన్ అడ్డు లేకుండా చేతికి స్పర్శ తెలుస్తుంది. నాలుగు సిలిండర్ల ఇంజన్ అయితే క్రాంక్‌ని టీడీసీ (పిస్టన్ పూర్తిగా పైకొచ్చే చోటు) గుర్తు దగ్గర కాకుండా దానికి పావు చుట్టు, అంటే 90 డిగ్రీల దూరంలో నిలపండి. అడ్డు తగలని వైపుకే తిప్పండి. అలా నిలిపితే నాలుగు పిస్టన్లూ బోరు మధ్యలో ఉంటాయి, ఏదీ పైన ఉండదు. ఇప్పుడు క్యామ్‌ని ఎటు తిప్పినా వాల్వుకి పిస్టన్ తగలదు. క్యామ్‌ని దాని గుర్తుకి తెచ్చి పిన్ను పెట్టండి. ఆ తర్వాతే క్రాంక్‌ని ఆ పావు చుట్టు తిప్పి టీడీసీకి తేవాలి. మూడు సిలిండర్ల పోలో 1.2 లాంటి వాటిలో ఈ లెక్క పనిచేయదు. అక్కడ ఒక పిస్టన్‌ని పూర్తిగా అడుగుకి దింపితే మిగతా రెండూ పైనుంచి 60 డిగ్రీల దూరంలో ఉంటాయి, అంతకన్నా సురక్షితమైన చోటు ఉండదు.

క్యామ్ తిరిగేటప్పుడు చేతిని గమనించండి. స్ప్రింగు బిగువు ఒక్కో వాల్వు దగ్గర ఎక్కి దిగుతుంది, అది మామూలే. ఒకచోట బిగువు లేకుండా చప్పున జారితే ఆ వాల్వు వంగి గైడులో (కాడ జారే గొట్టంలో) ఇరుక్కుని కిందే ఉండిపోయిందని అర్థం. ఇక పరీక్ష అక్కర్లేదు, హెడ్డు దించండి. అలాంటిదేమీ లేకపోతే కొత్త బెల్టు ఇంకా తెరవకుండా, బాగా ఉన్న పాత బెల్టేదైనా తాత్కాలికంగా వేసి, పొడవాటి రాడ్డుతో క్రాంక్‌ని చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పండి. ఎక్కడైనా ఇనుముకి ఇనుము తగిలినట్టు ఆగితే బలం పెట్టకండి. సాఫీగా తిరిగితేనే కంప్రెషన్ గేజి పెట్టాలి. డీజిల్‌కి వాడే గేజి 40 బార్ల దాకా చూపించాలి, పెట్రోలు గేజి పనికిరాదు. సాధారణంగా ఒక్కో సిలిండర్ 20 బార్ల పైన రావాలి, సిలిండర్ల మధ్య తేడా మూడు నాలుగు బార్లు దాటకూడదు. ఒక సిలిండర్లో పదో పన్నెండో చూపిస్తే అక్కడ వాల్వు కూర్చోవడం లేదు.

రోలర్ రాకర్లు (క్యామ్ ఒత్తిడిని వాల్వుకి అందించే చేతులు) ఉన్న కొన్ని ఇంజన్లలో, వాల్వు వంగకముందే రాకరు విరిగి ప్రాణం కాపాడుతుంది. అందుకే హెడ్డు దించే ముందు వాల్వు కవరు తీసి రాకర్లు, క్యామ్ క్యాపులు చూడాలి. విరిగిన ముక్క ప్రతిదీ దొరికిందా అని లెక్కపెట్టుకోవాలి. దొరకని ముక్క ఆయిలు దారిలో సంపులోనే ఉంటుంది, సంపు దించి తీయాలి.

హెడ్డు పని

ఇంజన్ పూర్తిగా చల్లారాకే విప్పాలి. వేడి మీద విప్పితే అల్యూమినియం హెడ్డు వంగుతుంది. బోల్టులు బయట నుంచి లోపలికి, కొద్దికొద్దిగా వదులు చేయండి. కామన్ రైల్ (ఒకే హై ప్రెజర్ పైపు నుంచి ఇంజెక్టర్లన్నిటికీ డీజిల్ అందే) బండి అయితే, డీజిల్ పైపు విప్పే ముందు ఆ చుట్టుపక్కలంతా కడిగి ఆరబెట్టండి. విప్పిన ప్రతి నోరూ వెంటనే శుభ్రమైన మూతతో మూసేయాలి, గుడ్డ కుక్కితే పోగులు లోపలికి పోతాయి. టెక్కలి క్వారీల దారిలో తిరిగే బండి మీద ఉండే రాతి పొడి చిటికెడు చాలు ఇంజెక్టర్లు పాడవడానికి. విప్పిన హై ప్రెజర్ పైపులు మళ్లీ వాడొద్దనే చాలా కంపెనీలు చెబుతాయి. వెయ్యి బార్ల పైన ఒత్తిడి వాటిలో ఉంటుంది కాబట్టి అది అమ్మకం కోసం చెప్పే మాట కాదు.

హెడ్డు పైకెత్తగానే పిస్టన్ల తల మీద చూడండి. మసి మధ్యలో మెరిసే నెలవంక గుర్తు ఎక్కడుంటే అక్కడి వాల్వు గుద్దుకుంది. గుర్తు పైపైన ఉంటే అంచులు నునుపు చేసి వాడుకోవచ్చు. లోతుగా దిగినా, చీలిక కనిపించినా పిస్టన్ మార్చాలి. నాలుగు పిస్టన్లనీ ఒక్కొక్కటిగా పూర్తిగా పైకి తెచ్చి డయల్ గేజితో ఎత్తు చూడండి. ఒకటి మాత్రం మిగతావాటికన్నా కింద ఆగిపోతే కనెక్టింగ్ రాడ్డు వంగింది. దీన్ని వదిలేస్తే హెడ్డు పని మొత్తం వృథా.

వంగిన వాల్వుని తిన్నగా కొట్టించడం మన దగ్గర ఇంకా అక్కడక్కడా నడుస్తోంది. వద్దు. కాడ తిన్నబడినా తల దగ్గర కంటికి కనపడని చీలిక మిగులుతుంది. ఒక రోజు తల ఊడి సిలిండర్లో పడితే పిస్టన్, హెడ్డు, టర్బో మూడూ పోతాయి. ఒక్కటి వంగినా మొత్తం సెట్టు మార్చడం మంచిది. బడ్జెట్ లేకపోతే బాగున్నాయనుకున్న ప్రతి వాల్వునీ గాజు పలక మీద దొర్లించి, కాడ కింద వెలుగు కనిపించనివే ఉంచుకోండి. గైడులు చీలాయేమో చూడండి. స్టెమ్ సీళ్లు అన్నీ కొత్తవి వేయాలి. సీట్లు కోసి, పేస్టుతో రుద్దాక వాల్వు ముఖం మీద ఒకే వెడల్పు బూడిదరంగు పట్టీ చుట్టూ తెగకుండా రావాలి. డీజిల్‌లో సీటు ఎక్కువ కోస్తే వాల్వు లోతుకి దిగిపోయి కంప్రెషన్ తగ్గుతుంది, తక్కువ కోస్తే బయటికి పొడుచుకొచ్చి మళ్లీ పిస్టన్‌కి తగులుతుంది. లేత్ షాపులో ఆ లోతు కొలిచి రాసివ్వమనండి.

షాపు నుంచి హెడ్డు తెచ్చుకునే ముందు అక్కడే ఒక పరీక్ష పెట్టించండి. వాల్వులు, ఇంజెక్టర్లు, గ్లో ప్లగ్గులు బిగించి, హెడ్డుని తిరగేసి చదునుగా పెట్టి, ప్రతి సిలిండర్ వాల్వుల మీదా డీజిల్ నిలిచేలా పోయండి. టీ తాగి రండి. పోర్టుల్లో టార్చి వేసి చూస్తే పొడిగా ఉండాలి. ఒక్క పోర్టులో తడి కనిపించినా "కొత్తలో అంతే సార్, నడిస్తే సర్దుకుంటుంది" అంటే ఒప్పుకోవద్దు. "ఇంకోసారి రుద్దండి మేస్త్రీ గారూ, నేను కూర్చుంటాను" అనండి.

హెడ్డు ముఖం మీద స్ట్రెయిట్ ఎడ్జి పెట్టి ఫీలర్ గేజితో వంపు చూడాలి. 0.05 మిల్లీమీటర్లకన్నా ఎక్కువ ఉంటే మాన్యువల్ చూడాలి. కొన్ని ఇంజన్ల హెడ్డుకి ఫేసింగ్ చేయడాన్ని కంపెనీ అసలు ఒప్పుకోదు, మార్చడమే. హెడ్ గాస్కెట్ రకరకాల మందాల్లో వస్తుంది, అంచున ఉండే గాట్లో రంధ్రాలో దాని మందాన్ని చెబుతాయి. పాతదానికి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి అన్నే ఉన్నది తెండి, పిస్టన్ మార్చితే ఎత్తు మళ్లీ కొలిచి ఎంచుకోండి. హెడ్ బోల్టులు డిగ్రీల లెక్కతో బిగించేవైతే సాగిపోయి ఉంటాయి, కొత్తవే వేయాలి. బ్లాకులో బోల్టు రంధ్రాల్లో నూనె నిలిచి ఉంటే సిరంజితో లాగేయండి. నూనె కుదించబడదు కాబట్టి బోల్టు దిగేటప్పుడు బ్లాకు పగలొచ్చు. బిగింపు మధ్య నుంచి బయటికి, మాన్యువల్‌లో చెప్పిన న్యూటన్ మీటర్లు, ఆపైన చెప్పిన డిగ్రీలు. చేతి అంచనా ఇక్కడ వద్దు.

బెల్టు వేయడం

కొనేటప్పుడు బెల్టు ఒక్కటే కొనకండి. ఇవన్నీ కలిపి తెండి:

- బెల్టు, టెన్షనర్, ఐడ్లర్ ఉన్న పూర్తి కిట్టు. గేట్స్, కాంటిటెక్, ఐఎన్ఏ, డేకో లాంటివి, ఇంజన్ నంబరు చెప్పి
- వాటర్ పంపు, బెల్టే దాన్ని తిప్పేటట్టయితే
- క్రాంక్, క్యామ్ ఆయిల్ సీళ్లు
- కొత్త క్రాంక్ పుల్లీ బోల్టు, ఆల్టర్నేటర్ బెల్టు
- కూలెంటు, డిస్టిల్డ్ వాటరు. ఇంజన్ ఆయిలూ ఫిల్టరూ

శ్రీకాకుళం, విజయనగరాల్లో దొరకని కిట్టు విశాఖ గాజువాక ఆటోనగర్ నుంచి తెప్పించుకోవచ్చు. బెల్టు పెట్టె లోపల మడతపడి ఉంటే తీసుకోవద్దు. చేతిలో లోపలి వైపు బయటికి తిప్పి చూపించే షాపు వాడిని అక్కడే ఆపండి.

వేసే ముందు కవరు లోపల, పుల్లీల గాళ్లలో పాత రబ్బరు ముక్క ఒక్కటి కూడా ఉండకూడదు. క్రాంక్ పుల్లీ ముఖం, క్రాంక్ చివర నూనె లేకుండా తుడవాలి. కొన్ని ఇంజన్లలో అక్కడ కీ ఉండదు, బోల్టు బిగుతే పుల్లీని పట్టుకుంటుంది.

బెల్టు మీద బాణం ఉంటే ఇంజన్ తిరిగే వైపుకి ఉండాలి. క్రాంక్ దగ్గర మొదలుపెట్టి, లాగే వైపు బిగుతుగా ఉంచుతూ పోవాలి, మిగిలిన వదులంతా టెన్షనర్ వైపుకి రావాలి. స్క్రూడ్రైవర్‌తో తన్నించి ఎక్కించకూడదు. ఎక్కడం లేదంటే పుల్లీ గుర్తు తప్పింది, లేదా టెన్షనర్ పూర్తిగా వెనక్కి పోలేదు. పాత ఇండికా లాంటి మెకానికల్ పంపు బండ్లలో పంపు పుల్లీకీ గుర్తుంటుంది. ఒక్క పన్ను తప్పితే ఇంజన్ స్టార్ట్ అవుతుంది గానీ, తెల్ల పొగ, కటకటమని కొట్టుడు, ఎత్తు ఎక్కలేకపోవడం. అప్పుడు నోజిళ్లు మార్చి, పంపు కాలిబ్రేషన్ చేయించి డబ్బులు పోగొట్టుకున్నవాళ్లు ఎందరో. పాత ఇన్నోవా 2.5లో పంపుని గేర్లు తిప్పుతాయి, బెల్టు క్యామ్‌కి మాత్రమే. అక్కడ ఈ బాధ లేదు.

టెన్షనర్‌లో సూచిక ముల్లు ఉంటే అది గాడి మధ్యకి రావాలి, మాన్యువల్ చెప్పిన వైపే తిప్పి బిగించాలి. తిరగేసి తిప్పినా ముల్లు గాడిలోకి వస్తుంది, కానీ నాలుగు రోజుల్లో వదులైపోతుంది. 'వేలితో మెలిపెడితే తొంభై డిగ్రీలు తిరగాలి' అన్న పాత లెక్క ఆటోమేటిక్ టెన్షనర్ ఉన్న ఇంజన్‌కి వాడకూడదు. మరీ బిగిస్తే బెల్టు సన్నగా ఈల వేస్తుంది, వాటర్ పంపు బేరింగ్ ముందు పోతుంది.

పిన్నులు తీసేసి, పానాతో చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పండి. మళ్లీ పిన్నులు పెట్టి చూడండి. క్రాంక్ పిన్నూ క్యామ్ పిన్నూ రెండూ బలం లేకుండా దూరాలి, ముల్లు గాడిలోనే ఉండాలి. ఒకటి దూరకపోతే మొదటి నుంచి మళ్లీ. ఇది అరగంట పని, స్టార్టర్‌తో తేల్చుకోబోతే హెడ్డు మళ్లీ దించాలి.

కవర్లు వేసే ముందే కంప్రెషన్ మరోసారి చూడండి. ఆ తర్వాత గ్లో ప్లగ్గులు, పైపులు బిగించి, ప్రైమింగ్ బల్బుని గట్టిపడేదాకా నొక్కి గాలి తీయండి. మొదటిసారి పది సెకన్లకి మించి స్టార్టర్ కొట్టకండి, మధ్యలో ఒక నిమిషం ఆపండి. స్టార్ట్ అయ్యాక ఐడిల్‌లో పదిహేను నిమిషాలు ఉంచి, కూలెంటు గాలి పోయేదాకా చూడండి, హీటర్‌లో వేడి గాలి రావాలి. ఇంజన్ నడుస్తుండగా హై ప్రెజర్ పైపు లీకుని వేలితో తడమకండి, కాగితం పట్టి చూడండి. ఆ చిమ్ము చర్మంలోంచి లోపలికి దిగుతుంది.

తర్వాత

విరిగిన ముక్కలు లోపల తిరిగిన ఇంజన్ కాబట్టి హెడ్డు పని చేసిన బండికి వెయ్యి కిలోమీటర్లలోపే ఆయిలూ ఫిల్టరూ మళ్లీ మార్చండి. ఐదొందల దగ్గర పై కవరు తీసి బెల్టు అంచు చూడండి, పుల్లీ మధ్యలో నడవాలి. వంశధార, నాగావళి పొంగినప్పుడు చక్రం మునిగే నీళ్లలో నడిపితే కవరు కిందికి బురద చేరి బేరింగుల గ్రీజు కడిగేస్తుంది. ఎండాక చల్లని ఇంజన్‌ని స్టార్ట్ చేసి, టైమింగ్ వైపు గరగరమనే చప్పుడుందేమో వినండి.

మార్చే గడువు మాన్యువల్‌లో కిలోమీటర్లలోనూ సంవత్సరాల్లోనూ ఉంటుంది, ఏది ముందొస్తే అది. మన ఎండకీ ఉప్పుగాలికీ ఆ సంవత్సరాల లెక్కలో ఒకటి తగ్గించుకోవడం తప్పు కాదు. ఇన్నోవాలో వెలిగే 'టీ-బెల్ట్' లైటు కిలోమీటర్లని మాత్రమే లెక్కపెడుతుంది, బెల్టుని చూడదు. మార్చకుండానే దాన్ని రీసెట్ చేసిన బండ్లు అమ్మకానికి వస్తుంటాయి. సెకండ్ హ్యాండ్‌లో బెల్టు డీజిల్ కొంటే, మీటరు ఏం చెప్పినా, బిల్లు చూపించకపోతే మార్చలేదనే అనుకుని కిట్టు ఖర్చు బేరంలోనే తగ్గించుకోండి.

పని అయ్యాక బానెట్ కింద, కడిగినా పోని చోట ఒక స్టిక్కరు అంటించి పెయింట్ మార్కర్‌తో తేదీ, కిలోమీటరు రీడింగు, మార్చిన భాగాలు రాయండి: బెల్టు, టెన్షనర్, ఐడ్లర్, వాటర్ పంపు, సీళ్లు. మార్చనిది ఏదైనా ఉంటే 'పాతదే' అని అదీ రాయండి.